ముట్టు గుడిసెలో సూదులు

నలభై ఎనిమిదో ఏట నాకు ముట్లు ఉడిగాయి. పీడ విరగడైందనుకున్నాను. పోతూ పోతూ అవి నా నిద్రను కూడా వెంటబెట్టుకుపోయాయి. రాత్రంతా ఒళ్లు సెగలు కక్కేది, పగలు కళ్లు మూతలు పడేవి. ఒకరోజు నీళ్లు చేదుతూ బావి గట్టుమీదే కునికాను. నా భర్త రెక్క పట్టుకుని లాగకపోతే ఈ నాలుగు ముక్కలు రాసేదాన్ని కాదు. ఆనాటినుంచి బావిని చూస్తేనే భయం.

అప్పుడే అరవనాట కోవిల్‌పట్టి దగ్గరున్న మా ఊరికి, తన కూతురింటికి, విరుదునగరం నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. భర్త మలయా దేశపు పినాంగులో కొట్టు నడిపిన రోజుల్లో, పక్కింటి చీనా ముసలమ్మ దగ్గర సూదుల వైద్యం నేర్చుకుందట. వెంట్రుకలాంటి సూదులు మణికట్టు దగ్గరా చీలమండ పైనా గుచ్చితే నిద్ర వస్తుందంది. వారానికొకసారి, పట్టపగలు, కుండెడు సజ్జసంకటి ఉడికేంతసేపు కదలకుండా పడుకోవాలి. సూదులకు నేను జడవలేదు, పడుకోవడానికే జడిశాను. రేగడి సేద్యం చేసే మా ఇళ్లలో ఆడది పగలు నడుం వాల్చాలంటే పురిట్లోనన్నా ఉండాలి, పాడెమీదన్నా ఉండాలి.

లేదా పెరట్లోని ముట్టు గుడిసెలో ఉండాలి. మళ్లీ బయట చేరానని మా అత్తతో అబద్ధం చెప్పి అందులో దూరాను. సూదులావిడ పెరటి దారిన వచ్చేది. నన్ను ముట్టుకున్నందుకు, అబద్ధం నిలబెట్టడానికి, బావి దగ్గర తలస్నానం చేసి మరీ వెళ్లేది, నన్ను తిట్టుకుంటూ. మూడు వారాలకు రాత్రి ఒక జాము నిద్ర పట్టసాగింది. ఆ సంబరంలో లెక్క మరిచాను. నెలకు నాలుగుసార్లు బయట చేరే ఆడది ఏ ఊళ్లో ఉంటుంది?

నాలుగో వారం మా అత్త గడప దాటి గుడిసె లోపలికే వచ్చింది. నిజంగా ముట్టయితే నా నీడ కూడా సోకనివ్వని మనిషి. అంతా తెలిసిపోయిందన్నమాట. చేతులకూ కాళ్లకూ సూదులు, లేవలేను. ఇక వైద్యం ఆగినట్టేనని ఏడ్చేశాను. ఆమె నా పక్కన చతికిలబడింది.

"ఏడవొద్దు, సుమ్మా పండుకో, ఊరికే కదలొద్దు. ఉడిగినంక నాకూ నిద్దర రాలే అమ్మీ. మూడేండ్లు అబద్దం చెప్పి ఈడనే పండుకొంటి."

ఆ మూడేళ్లూ ఇంటి పనంతా నా నెత్తిన పడిందని సణిగింది నేనే. ఈ వయసులో కూడా బయట చేరుతుందని చాటుగా నవ్వింది కూడా నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంతలో నా భర్త గంజి కోసం వాకిట్లోంచి కేకేశాడు. అత్త బయటికి వెళ్లి తలుపు తడికకు అడ్డంగా కూర్చుని, వీధంతా వినపడేలా చెప్పింది.

"అది బయట చేరిండాది. కావాలంటే నువ్వే పోసుకొని తాగు."

సూదులావిడ ఎప్పుడు సూదులు తీసి వెళ్లిందో నాకు తెలియదు. మెలకువ వచ్చేసరికి ఎద్దులు ఇల్లు చేరాయి, అత్త ఇంకా తడికకు అడ్డంగానే ఉంది. నేను కళ్లు తెరవడం చూసి మెల్లగా లేచి, మా అబద్ధానికి లోటు రాకుండా, బావి దగ్గరికి తలస్నానానికి వెళ్లింది.