కోడిగుడ్డయిన నా వృత్తం

మొన్న మా మేనకోడలు తన సిద్ధాంత గ్రంథంలో గ్రాఫు పెడుతుంటే పక్కన కూర్చుని చూశాను. గణిత సాఫ్ట్‌వేర్‌లో గీసిన బొమ్మ, ఒక్క వరుస ఆదేశం రాయగానే, సాగకుండా నలగకుండా అక్షరాల మధ్య బుద్ధిగా వచ్చి కూర్చుంది. పిల్ల మురిసిపోతుంటే నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళయినా ఆరని మంట అది.

అమీర్‌పేట గోడలన్నీ కంప్యూటర్ కోర్సుల కాగితాలతో నిండిపోయిన రోజులవి. పంజాగుట్టలో అద్దె గదిలో ఉంటూ, ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నాను. పట్టా చేతికొస్తేనే ఉద్యోగం పర్మనెంటు అన్నారు. ఒక కణం తిరిగే దారి అచ్చమైన వృత్తమని నిరూపించడమే నా పరిశోధన, ఆ గ్రాఫే దానికి సాక్ష్యం. అమీర్‌పేట సందులో థీసిస్‌లు అచ్చువేసే దుకాణంలో ఫ్లాపీ ఇచ్చి, ప్రూఫు దిద్ది వచ్చాను. బైండయిన ప్రతులు నేరుగా గైడు గారికే పంపడం అక్కడి ఆనవాయితీ.

వైవా నాడు, బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ పేజీ ఎత్తి చూపించి, "వృత్తమన్నావు, ఇది కోడిగుడ్డులా ఉందేంటమ్మా?" అన్నారు. పేజీ నిండా నిలువునా సాగి ఉంది నా బొమ్మ. పక్కనే ఉన్న మా గైడు గారు ఫ్యాను వంక చూస్తూ, "ఆడపిల్ల కదండీ, ఇంటి ధ్యాసలో చూసుకోలేదేమో" అన్నారు. ఇల్లట! కిరసనాయిలు స్టవ్వు, చాప తప్ప ఏముందని నాకు? అన్నీ సరిచేసుకుని మళ్ళీ రమ్మని పంపేశారు.

దుకాణం మీదికి దండెత్తి వెళ్ళాను. యజమాని నొచ్చుకున్నాడు. "నా మీద గరమైతే ఎట్ల మేడమ్? మీ సారే ఫోన్ చేసిండు. బుక్కు జర పల్చగున్నది, బొమ్మలు పేజీ నిండ గుంజుమన్నడు." థీసిస్ లావుగా ఉంటేనే లోపల సరుకుందనుకునే రోజులు మరి. వెళ్ళి గైడు గారిని నిలదీస్తే, "పోనీలేమ్మా, ఉద్యోగాలకేం కరువు" అని నవ్వారు.

పట్టా వచ్చేసరికి ఆ ఉద్యోగం మరొకరిదైంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలోనే నా తల నెరిసింది. ఇప్పుడా దుకాణమూ లేదు, ఆ గైడు గారూ లేరు. పోయినవాళ్ళను తప్పుపట్టకూడదని పెద్దలంటారు. ఇప్పుడు నేనే పెద్దదాన్ని, తప్పు పడతాను. "నేనే చేయించాను" అని ఆ గదిలో ఆయన ఒక్క మాట అనుంటే, ఉద్యోగం పోయినా నాకొక గురువు మిగిలేవాడు.