కుంకుమ బొట్టు పెట్టిన డిస్కు

కిరందుల్‌లో కిటికీలు మూసినా ఇనుపరాతి ఎర్రదుమ్ము ఇంట్లోకి వచ్చేది. మా అమ్మ పెన్సిలుతో రాసుకున్న హారతి పాటల పుస్తకానికీ ఆ రంగే పట్టింది. బడికి వెళ్ళని నాకు అక్షరాలు నేర్పింది ఆ పుస్తకమే. అవి చెరిగిపోకముందే కంప్యూటర్‌లో ఎక్కించి అచ్చు తీసుకోవాలని నా ఆశ.

ఇంట్లో పాత కంప్యూటర్ ఒకటుండేది. వైరస్ సోకి తెరుచుకోవడం మానేసింది. గని నుంచి వచ్చిన మావారు, "శనివారం పాత సామాన్లు కొనే కబాడీవాడొస్తాడు. ఈలోగా నీ డబ్బా పలికితే సరి, లేదంటే వాడి బండెక్కుతుంది" అన్నారు.

పక్క క్వార్టర్‌లో కోంటా వైపు నుంచి వచ్చిన కంప్యూటర్ టీచరమ్మ ఉండేది. నా గోడు విని మూడు డిస్కులు తెచ్చిచ్చింది. మూడూ కంప్యూటర్‌ను నడిపించే లినక్సేనట. దాన్ని ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, మార్చుకోనూవచ్చు. అలా తలా ఒకరు మార్చగా బోలెడు రకాలయ్యాయట.

"ఇందులో ఏది మంచిదమ్మా?"

"అందరికీ మంచిదని ఒకటుండదక్కా. బియ్యం కొనే ముందు మూటకో పిడికెడు వండి చూస్తవ్ గదా, గట్లనే. కంప్యూటర్‌ల ఎక్కించకుండనే డిస్కుతోటి నడిపి చూడు. మూడింటికీ ఒకటే పరీక్ష పెట్టాలె. ఒకదాంట్ల పాట, ఇంకోదాంట్ల ఆట పెడితే తేడా ఏం తెలుస్తది?"

నా పరీక్ష చిన్నదే. ముసలి యంత్రం మీద ఆయాసపడకుండా నడవాలి, అమ్మ పాట మొదటి చరణం ఒత్తులు చెదరకుండా కనిపించాలి, ప్రింటర్‌ను గుర్తుపట్టాలి.

ఏ కొత్త పనైనా బొట్టు పెట్టి మొదలెట్టడం మా ఇంటి అలవాటు. దండం పెట్టుకుని మొదటి డిస్కుకు తడి కుంకుమ పెట్టాను. ఒక వైపు టీచరమ్మ పెన్నుతో ఏదో రాసుకుంది. ఆ రాత చెరపడమెందుకని, అద్దంలా మెరిసే రెండో వైపు పెట్టాను. లోపలికి తోస్తే గిర్రున తిరిగింది, గురగురమంది, అంతే. 'ఇది నడవదు' అని కాగితం మీద రాసుకున్నాను.

రెండోది చూడముచ్చటగా వచ్చింది. కానీ తెర మీద ఒక్క కిటికీ తెరుచుకునేలోగా నేను వెళ్ళి పప్పుకు తాలింపు పెట్టి వచ్చాను. మూడోది చురుకైనదే, ప్రింటర్‌నూ గుర్తుపట్టింది. పాట మొదట్లోని శ్రీకారం మాత్రం ముక్కలు ముక్కలుగా విడిపోయింది. అమ్మవారి పేరే నిలవకపోతే ఇంకెందుకు?

శుక్రవారం సాయంత్రం మా ఇంటికి వచ్చిన టీచరమ్మకు దిగాలుగా ఆ కాగితం చూపించాను.

"మొదటిది నడవలేదా? మా ఇంట్ల మంచిగ నడిచిందే!" అంటూ డిస్కు తిప్పి చూసింది. "ఏందక్కా ఇది? బొట్టు పెట్టినవా దీనికి?"

"మొదటిది కదా అని..."

"పెడితే పెట్టినవ్, రాత దిక్కు పెట్టరాదా? కండ్లల్ల కుంకుమ కొడితే ఎట్ల చదువుతదక్కా!"

నవ్వు ఆపుకోలేక గడప మీద కూలబడింది. లోపలి నుంచి మావారు, "నయం, కొబ్బరికాయ కొట్టలేదు" అన్నారు.

మెత్తటి గుడ్డతో తుడిచి, అదే పరీక్ష మళ్ళీ పెట్టాం. హంగుల్లేని తెర. చకచకా నడిచింది. శ్రీకారం నిండుగా నిలబడింది. ప్రింటర్ పలికింది. దాన్నే కంప్యూటర్‌లో ఎక్కించింది టీచరమ్మ.

శనివారం కబాడీవాడికి మావారు పాత పేపర్లు వేసి పంపారు.

ఎవరో ఎక్కడో కూర్చుని మా ఒత్తుల కోసం శ్రమపడ్డారు. వాళ్ళ పేర్లు నాకు తెలియవు. దీపం పెట్టినప్పుడు టీచరమ్మతో పాటు వాళ్ళకూ ఒక దండం పెట్టుకుంటాను. ఆ రోజు అమ్మ పాట మొదటి అచ్చు కాగితాన్ని దేవుడి ముందు ఉంచి, అటూ ఇటూ తిప్పి చూసుకుని, అక్షరం లేని మూలన బొట్టు పెట్టాను.