శనివారం లిఫ్టు

ఆఁ, ఎక్కడున్నాం? లిఫ్టు బావగారి దగ్గర కదూ! అదే చెబుతున్నాను. ఆయనకి తాగుడు లేదు, పేకాట లేదు, కోపం అసలే లేదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే. ఏ మాట ఎత్తినా దాన్ని తీసుకెళ్ళి యూదుల భవిష్యత్తు దగ్గర దించుతాడు. మీరు వానల గురించి మొదలెట్టండి, మోకాళ్ళ నొప్పుల గురించి మొదలెట్టండి, మూడో మాటకల్లా ప్రవక్తలు దిగిపోతారు.

వృత్తి లిఫ్టు మెకానిక్. ఆ ఆరంతస్తుల బిల్డింగుకి సెక్రటరీ ఆయన సొంత బావమరిది. అతను “బావా, బావా” అనడం విని విని బిల్డింగంతా ఆయన్ని బావగారనే పిలిచేది.

“బావగారూ, లిఫ్టులో ఫ్యాను తిరగట్లేదండీ.”

“తిరుగుతుందమ్మా. లోయ నిండా ఎండిపోయిన ఎముకలే లేచి నిలబడతాయని దేవుడు చూపిస్తే, ఫ్యానెంత!”

ఫ్యాను బాగయ్యేది. కానీ ఆ ఎముకలన్నీ ఒక్కొక్కటే లేచి నిలబడేదాకా ఆవిడ సంచీ పట్టుకుని నిలబడాల్సిందే.

బావమరిదికి ఈ బాధ ఇంట్లో కూడా తప్పలేదు. అతనూ భక్తిపరుడే, ఆదివారం పిల్లలకి బైబిలు పాఠాలు చెప్పేవాడే. కానీ అతని లెక్క వేరు.

“బావా, ఆ వాగ్దానాలన్నీ ఇప్పుడు క్రైస్తవ సంఘానివి. పాత ఇంటికి రావలసిన ఉత్తరాలు కొత్త ఇంటికి వస్తున్నాయి, అంతే.”

“రానీరా. పాత ఇంట్లోవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు కదా, వాళ్ళ ఉత్తరాలు నువ్వెందుకు చింపుతావ్? ఒలీవ చెట్టుకి అంటుకట్టిన కొమ్మవి నువ్వు. వేరు వైపు చూసి ‘నువ్వెవరు’ అంటావేంట్రా?”

“ముందు భోజనం కానివ్వండి,” అనేది మధ్యలో అక్క, అంటే బావగారి భార్య. “కొమ్మలు తర్వాత విరుచుకుందురు గాని.”

ఇంతవరకూ నవ్వుకుంటూ గడిచిపోయింది. అసలు గొడవ శనివారం లిఫ్టుతో వచ్చింది.

మిగతా రోజుల్లో బుద్ధిగా నడిచే లిఫ్టు, శనివారం వచ్చేసరికి బటన్ నొక్కినా నొక్కకపోయినా దానంతటదే పైకీ కిందికీ తిరుగుతూ అంతస్తు అంతస్తుకీ ఆగేది. ఆగి, తలుపులు తెరుచుకుని, తీరిగ్గా ఆలోచించుకుని మరీ కదిలేది. పైగా శనివారం పొద్దున్నే బావగారు టెస్టింగంటూ దాన్లోనే ఉండేవాడు! ఇంకేముంది, ఒకటో అంతస్తులో అబ్రాహాముతో అందుకుంటే ఆరో అంతస్తుకి యెరూషలేము చేరాల్సిందే.

“నేను మూడులో దిగాలి బావగారూ, పాలు విరిగిపోతాయి.”

“అందర్నీ బబులోను చెరలో వదిలేసి నువ్వొక్కదానివే ఎలా దిగుతావమ్మా? ఇంకో రెండంతస్తుల్లో విడుదలొచ్చేస్తుంది, ఉండు.”

బిల్డింగుకి విషయం అర్థమైపోయింది. ప్రసంగం వినేవాళ్ళు దొరక్క ఈయనే లిఫ్టుని అలా పెట్టాడు. ఈయన కాంట్రాక్టు రద్దు చేయాల్సిందేనని అందరూ సెక్రటరీ మీద పడ్డారు. అక్క ఇల్లు గడిచేది ఆ కాంట్రాక్టు మీదే. అయినా సెక్రటరీ ఏం చేస్తాడు పాపం, ఒక శనివారం పొద్దున కింద హాల్లో మీటింగు పెట్టాడు.

“బావా, బతిమాలుతున్నాను. పైకెళ్ళి ఆ లిఫ్టుని మామూలుగా పెట్టెయ్. లేదంటే చేతులెత్తమని అడగాల్సొస్తుంది. తర్వాత అక్కకి నా మొహం చూపించలేను.”

“ఒక్క గంట ఆగరా. తర్వాత మీ ఇష్టం.”

“గంటలో ఏమవుతుంది? క్రీస్తు రాకడా?”

హాలంతా గొల్లున నవ్వింది. బావగారు మాత్రం లిఫ్టు తలుపు మీద వెలిగే అంకె వైపే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు బావమరిదికి నిజంగా భయమేసింది. పెళ్ళిపీటల మీద కూడా ప్రవచనం ఎత్తిన మనిషి నోరు మూసుకుని కూర్చోవడం అతను చూడలేదు.

“సరే,” అన్నాడు నీరసంగా. “రద్దు చేయాలనేవాళ్ళు చేతులెత్తండి.”

చేతులు లేస్తుండగా లిఫ్టు టింగుమంది. పైన ఆరు వెలిగింది. కాసేపటికి ఐదు. మళ్ళీ టింగు. నాలుగు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి గానీ కళ్ళన్నీ అటు తిరిగాయి. అంతస్తు అంతస్తుకీ ఆగి, ఆగి, చివరికి కింద తలుపులు తెరుచుకున్నాయి.

కళ్ళజోళ్ళ మామ్మగారు! ఆరో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. ఒకప్పుడు వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణం నడిపిన యూదుల ఆవిడ. మంచి పట్టు గౌను, మెడలో ముత్యాలు, చేతిలో కర్ర.

“అందరూ చేతులెత్తారేం? దొంగలు గానీ పడ్డారా?” అంది.

సెక్రటరీ నసుగుతూ సంగతి చెప్పాడు. మామ్మగారు కర్ర నేలకేసి కొట్టింది.

“అయ్యో రాత! ఈ శనివారం లిఫ్టు నాకోసమయ్యా! మాకిది విశ్రాంతి దినం. బటన్ నొక్కకూడదు, నాకోసం నొక్కమని ఇంకొకరిని అడగనూ కూడదు. దానంతటదే ఆగే లిఫ్టయితే పరవాలేదని మా గురువుగారన్నారు. ఈ మోకాళ్ళతో మెట్లు దిగలేక ఎన్ని శనివారాలు ఆ తలుపు ముందు నిలబడి వెనక్కి వెళ్ళానో! ఒకసారి ఈయన చూశాడు. మరుసటి శనివారం తలుపు దానంతటదే తెరుచుకుంది. నేను ఈయన వైపు చూశాను, ఈయన పైకప్పు వైపు చూశాడు. అంతే, ఇద్దరం ఒక్క మాట అనుకోలేదు. ఇవాళ మా మనవడు ప్రార్థనా మందిరంలో మొదటిసారి లేఖనం చదువుతున్నాడు. ఈ లిఫ్టే లేకపోతే నేను పైన గోడలు చూస్తూ కూర్చునేదాన్ని.”

“ఒక్క మాట కూడానా?” మూడో అంతస్తు పాలావిడ నోరు తెరిచింది. “ఆరంతస్తులూ దిగేదాకా ఈయన మీకు ప్రవచనం చెప్పలేదూ?”

“ఏ ప్రవచనం? నేనెక్కగానే స్క్రూడ్రైవరు పళ్ళ మధ్య కరిచి పట్టుకునేవాడు. లిఫ్టు మెకానిక్కులందరూ అంతేమో అనుకున్నాను!”

ఎత్తిన చేతులు ఒక్కొక్కటే జేబుల్లోకి, కొంగుల్లోకి జారుకున్నాయి. సెక్రటరీ బావగారి వైపు తిరిగాడు.

“మరి మాకెందుకు చెప్పలేదు బావా?”

“ఆవిడ నన్నడగలేదు, నేను మీకు చెప్పలేదు. అడగకూడని మనిషి పేరు మీటింగులో ఎలా పెడతాన్రా?”

“మీరిద్దరూ మా జాతి భవిష్యత్తు గురించి రోజూ కొట్టుకుంటారట కదా,” అంది మామ్మగారు నవ్వుతూ. “పై సంగతి దేవుడు చూసుకుంటాడు. నా శనివారం సంగతి మాత్రం ఈయన చూసుకున్నాడు. నాకిది చాలు. జరగండి, ఆలస్యమైపోతోంది!”

ఇక చూడాలి ఆ సంబరం! కాంట్రాక్టు ఉండాలనేవాళ్ళు చేతులెత్తండనగానే పాలావిడ రెండు చేతులూ ఎత్తేసింది. శనివారం తొందరున్నవాళ్ళు మెట్లెక్కాలని అప్పటికప్పుడే తీర్మానం అయింది. హాలు హాలంతా మామ్మగారి వెంట గేటు దాకా ఊరేగింపుగా నడిచింది. ముందు బావగారు, ఛాతీ విరుచుకుని! ఇంతసేపు బిగబట్టిన నోరు కదా, గేటు చేరేలోపే పక్కనున్నవాళ్ళకి ఐదుగురు ప్రవక్తల్ని అప్పజెప్పేశాడు. ఎవ్వరూ తప్పుకోలేదు.

గేటు దగ్గర మామ్మగారు ఆగి ఎదుటి బిల్డింగు వైపు చూపించింది.

“ఐదో అంతస్తులో మా అన్నయ్య. మందిరం ఇక్కడికి రెండు వీధులే. పాపం, శనివారం గుమ్మం దాటడు.”

అంతే అంది. ఏమీ అడగలేదు.

బావమరిది అక్కడే నిలబడిపోయాడు. ఆ బిల్డింగు సెక్రటరీకీ అతనికీ కారు పెట్టే జాగా మీద తగువొచ్చి చాలాకాలంగా మాటల్లేవు. పైగా ఆయనకి భక్తీ లేదు, దయా లేదని చెప్పుకుంటారు. ఏమని మొదలెట్టాలి? వాగ్దానాలు ఎవరివన్న సంగతి ఆయన దగ్గర ఎత్తి లాభం లేదు. లిఫ్టు సంగతే నేరుగా చెప్పాలి. క్షమాపణ అడిగితే అడుగుతాం, ఏం పోయింది? మామ్మగారు వీధి మలుపు తిరిగేదాకా చూసి, ఇక ఆగడమెందుకు, ఇప్పుడే మాట్లాడేస్తానని ఫోను బయటికి తీశాడు.