పచ్చ చుక్క

ఇంటి నుంచే ఆఫీసు పని మొదలయ్యాక, తెర మీద నా పేరు పక్కనుండే పచ్చ చుక్క నన్ను కుర్చీకి కట్టేసింది. ఐదు నిమిషాలు మౌసు కదలకపోతే చాలు, అది పసుపు రంగుకు మారుతుంది. వెంటనే ‘ఎక్కడున్నావ్’ అంటూ మేనేజరు మెసేజ్. దాన్ని తగలెయ్య!

ఒకరోజు నేను కాలుగాలిన పిల్లిలా గదిలో తిరుగుతుంటే అమ్మ చూసింది.

“ఆ మౌసు నేను కదిలిస్త గని, నువ్వు జర బయట తిరిగి రా బిడ్డా.”

ఖిలా వరంగల్ తోరణం దాకా నడిచాను. తోరణం చూడలేదు, ఫోనులో ఆ చుక్కనే చూశాను. పచ్చగానే ఉంది. అయినా మనసు ఆగక, పరుగున ఇంటికొచ్చాను.

అమ్మ మౌసు వదల్లేదు.

“ఇంకింతసేపు కూసోనియ్యి బిడ్డా. ఈడ కూసున్నప్పటి సంది మీ నాయిన సుత చాయ్ అడుగుతలేడు.”