మేస్త్రీగారి కలలో ఏడో స్తంభం

మేస్త్రీగారు ఏం చెప్పినా కలలోంచే చెప్పేవారు. పెద్ద నదికి అడ్డంగా, పద్దెనిమిది స్తంభాల మీద హైవే వంతెన లేస్తోంది. తెల్లారేసరికి ఆయన ఏదో ఒక కల మోసుకుని పనిలోకి దిగేవారు.

"కలలో మూడో క్రేను తాడు జడలా విడిపోయింది" అనేవారు టీ ఊదుకుంటూ. వెళ్లి చూస్తే తాడు నిజంగానే పీచు లేచి ఉండేది. "వెల్డరు కలలో ఏడుస్తూ కనబడ్డాడు సార్, రెండ్రోజులు ఇంటికి పంపండి" అనేవారు.

పెద్ద ఇంజనీరు తల పట్టుకునేవాడు. "ఈ వంతెన నా డ్రాయింగులతో కడుతున్నామా, మీ నిద్రతోనా?"

"పగలు డ్రాయింగులు చూసుకుంటాయి సార్. రాత్రి డ్యూటీ నాది."

కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయికి ఈ కలల గోలంటే ఒళ్లుమంట. మొదటి ఉద్యోగం, ఆర్నెల్ల పరీక్ష. తప్పు దొర్లితే ఇంటికే. అయినా పొద్దున్నే మంచు కమ్మి, స్తంభాలు నీళ్ల మీద కాక మబ్బు మీద నిలబడ్డట్టు కనిపించే వేళ ఆయన కల మొదలుపెడితే, ఆమె చెవి దానంతటదే అటు తిరిగేది.

ఆవేళ ఏడో స్తంభం తలకట్టుకి కాంక్రీటు పోయాలి. లారీలు బయలుదేరాయి. మేస్త్రీగారు మెల్లగా ఆమె పక్కకి చేరారు.

"అమ్మాయిగారూ, కలొచ్చింది. ఏడో స్తంభం టోపీ ఓరగా పెట్టుకుని నన్ను చూసి నవ్వుతోంది."

"నిన్న నేనే స్వయంగా కొలిచానండీ!"

"దానికీ అదే చెప్పాను. వినడం లేదు."

గొణుక్కుంటూ నిచ్చెన ఎక్కి మళ్లీ కొలిచింది. కాంక్రీటు పోసే అచ్చు ఎడమవైపు రెండంగుళాలు ఎత్తు! నిన్న పుస్తకంలో నాలుగుని ఆరుగా రాసుకుంది. లారీల్ని ఆపించి అచ్చు దించి సరిచేయిస్తుంటే, ఆ అంచునే ఒక సుద్దగీత కనిపించింది. పక్కన మేస్త్రీగారు మట్టం చూసుకునే నీళ్లగొట్టం, ఇంకా తడిగా ఉంది.

కింద పెద్ద ఇంజనీరు అరుస్తున్నాడు. "లారీలెందుకు ఆగాయి? ఎవరి తప్పు?"

ఆమె నోరు తెరిచేలోగా, "నాదే సార్. కలొచ్చింది" అన్నారు మేస్త్రీగారు. పెద్ద ఇంజనీరు నెత్తి కొట్టుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మేస్త్రీగారి భార్య క్యారియరు తెచ్చింది. అమ్మాయి ఉండబట్టలేక అడిగేసింది. "పిన్నిగారూ, ఈయనకి రోజూ అన్ని కలలెలా వస్తాయండీ?"

"ఈయనకా! ముప్ఫయ్యేళ్ల కాపురమమ్మా. పడుకుంటే ఏనుగు తొక్కినా కదలరు. కలా పాడా! మంచులోనే వచ్చి పనంతా తడిమి చూసుకుంటారు. ఎవరి తప్పూ పదిమందిలో బయటపడకూడదట."

మేస్త్రీగారు క్యారియరు మూత పట్టుకుని, జామకాయలు కోస్తూ దొరికిపోయిన పిల్లాడిలా చూశారు. తర్వాత గొంతు తగ్గించారు.

"అమ్మాయిగారూ, ఈ సంగతి పెద్దాయన చెవిన వేయకండి. ఇంకా పదకొండు స్తంభాలున్నాయి."