చేతులతో ఫ్రెంచి

క్లైవ్ ట్రెగెన్జా పంతొమ్మిది వేసవులు వరసగా తన తెరచాప పడవ వేసుకుని ఫ్రాన్సు రేవులకు వెళ్లాడు గాని, ఒక్క ఫ్రెంచి ముక్క పలికిన పాపాన పోలేదు. ఏం కావాలన్నా ఒంటితో ఆడి చూపించడమే ఆయన పద్ధతి. "కాళ్లూ చేతులూ ఉండగా వ్యాకరణం దేనికి?" అనేవాడు. ఆయన భార్య గ్లెండాకు ఫ్రెంచి చక్కగా వచ్చు. ఆయన ఆట మొదలవగానే ఆమె తెరచాప మడతపెట్టే పని కల్పించుకుని అటు తిరిగిపోయేది.

మొదటి ఏడాదే ఒక రేవులో డీజిలు అయిపోయింది. వెంటనే క్లైవ్ ఇంజనైపోయాడు. గడగడ వణికాడు, దగ్గాడు, రెండు సార్లు ఎగిరిపడి రేవు చెక్కల మీద కూలబడ్డాడు. ఐదు నిమిషాల్లో డాక్టరు వచ్చాడు. క్లైవ్ సంతోషంగా నోరు తెరిచి, ఇందులో పొయ్యండని చూపించాడు. డాక్టరు మంచినీళ్లు పోశాడు.

గుడ్లకు వెళ్లినప్పుడు రెక్కలు కొట్టుకుని కొట్టు మధ్యలో గొంతుక్కూర్చున్నాడు. కొట్టావిడ ఒలిచిన కోడిని తెచ్చి చేతిలో పెట్టింది. దాన్ని మర్యాదగా పక్కన పెట్టి, మళ్లీ కూర్చుని, ఈసారి లేచి తన వెనక్కి తనే ఆశ్చర్యంగా చూసుకున్నాడు. కొట్లో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. డజను గుడ్లు వచ్చాయి.

రేవులోకి వచ్చే పడవ ముందుగా రేడియోలో పలకరించాలి. రేడియోలో చేతులు కనిపించవు కనుక క్లైవ్ దాని జోలికి పోయేవాడు కాదు. రోస్కోఫ్ రేవులో అయితే ఆఫీసు వాళ్లే గట్టు మీదికి వచ్చి నిలబడేవారు. పడవ పొడవెంతో అడుగులు వేసి చూపించేవాడు. అది నీళ్లలో ఎంత లోతు మునుగుతుందో కూర్చుని చూపించేవాడు. మూడు రాత్రులుంటామనడానికి మూడు సార్లు గుర్రు పెట్టేవాడు. వాళ్లందరికీ ఇంగ్లీషు బాగానే వచ్చు. ఆ సంగతి బయటపెడితే ఆట ఆగిపోతుందని ఎవరూ నోరు మెదిపేవారు కాదు.

అక్కడే ఎర్వె కెర్బ్రా దొరికాడు. చేపల వేట మానేసి ఇంటిపట్టున ఉంటున్న మనిషి, ఇంగ్లీషు బొత్తిగా రాదు. మొదటి రోజు క్లైవ్ విసిరిన తాడు అందుకున్నాడు. ఆ తరవాత ఏ ఏడాది వెళ్లినా సాయంత్రాలు గట్టు మీద ఇద్దరూ చేతులు ఊపుకుంటూ గాలి గురించీ, చేపల గురించీ, పెళ్లాల గురించీ చెప్పుకునేవారు. పెళ్లాల గురించి ఏం చెప్పుకునేవారో గ్లెండాకు పడవలోంచే అర్థమయ్యేది.

కిందటి చలికాలం ఆమెకు ఓపిక నశించింది. "ఫ్రెంచి తరగతిలో చేరతావా, వచ్చే ఏడు ఒక్కడివే వెళ్తావా?" అంది.

క్లైవ్ చేరాడు. చేరినవాడు ఊరుకోకుండా నాలుగు నెలల్లో తరగతికే మొదటివాడయ్యాడు. గ్లెండా అందరికీ చెప్పుకుని మురిసిపోయింది.

ఏప్రిల్లో ఎర్వె భార్య సువాజిక్ ఉత్తరం రాసింది. ఎర్వెకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి గాని గడప దాటడం లేదు. ఎవరైనా పలకరిస్తే గోడవైపు తిరుగుతున్నాడు. ఇలాగే కూర్చుంటే మనిషి దక్కడని భయంగా ఉంది. గ్లెండా ఆ ఉత్తరం క్లైవ్‌కు చదివి వినిపించింది. ఆ మంగళవారం ఆయన తరగతికి వెళ్లలేదు.

"ఒంట్లో బాగాలేదా?"

"ఆ భాష నాకు ఎక్కడం లేదు."

"మొదటివాడివి నువ్వేగా?"

"మరిచిపోయాను. మొత్తం."

గ్లెండా రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాలుగు నెలల చదువు నాలుగు రోజుల్లో ఎలా ఎగిరిపోతుందో ఆమెకు అంతుపట్టలేదు.

జూన్‌లో రోస్కోఫ్ చేరారు. తాడు కట్టగానే నేరుగా ఎర్వె ఇంటికి వెళ్లారు. పొరుగింటాయన ఎదురుగా కూర్చుని, చెవిటివాడితో మాట్లాడినట్టు, "ఎలా, ఉంది, ఒంట్లో?" అని అరుస్తున్నాడు. ఎర్వె గోడ చూస్తున్నాడు.

క్లైవ్ పలకరించలేదు. గోడకూ ఎర్వెకూ మధ్య దూరి నిలబడి, దారిలో ఎంత అల వచ్చిందో, తను చుక్కాని ఎలా పట్టుకున్నాడో, గ్లెండా ఎలా కక్కుకుందో ఆడి చూపించాడు. తరవాత తను పట్టిన చేప మూరెడుందని చేతులు చాపాడు.

ఎర్వె ఆ చేతుల వంక చాలాసేపు చూశాడు. తన చేతులు పైకెత్తి, క్లైవ్ చేతుల్ని దగ్గరికి నొక్కి, మూరెడు చేపను జానెడు చేశాడు. క్లైవ్ మళ్లీ సాగదీశాడు. ఎర్వె మళ్లీ నొక్కాడు. ఇద్దరూ కొట్టుకునేదాకా వచ్చారు. చివరికి ఎర్వె విసుగ్గా లేచి, చేప చూపించు పద అన్నట్టు గుమ్మంవైపు వేలు చూపి, బూట్లు తొడుక్కున్నాడు.

సువాజిక్ కళ్లు తుడుచుకుని గ్లెండా చెయ్యి పట్టుకుంది. "వచ్చినవాళ్లంతా ఈయన నోటివంకే చూస్తారమ్మా. మీ ఆయనకు మన భాష రాకపోవడం మా అదృష్టం," అంది ఫ్రెంచిలో.

ఎందుకు రాదు అనబోయి గ్లెండా ఆగింది. ఉత్తరం వచ్చిన వారమే క్లైవ్ చదువు మానేశాడని అప్పుడు తట్టింది. స్నేహితుడికి లేని మాట తనకెందుకని మానేశాడు. ఆ రెండు రోజుల మౌనానికి ఆమెకు సిగ్గేసింది, మొగుడు చెప్పలేనంత ముద్దొచ్చాడు. గుమ్మంలో నిలబడ్డ క్లైవ్ చెవులు రెండూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"ఏమంటోంది ఆవిడ?" అని అడిగాడు, ఏమీ ఎరగనట్టు.

"నీ అంత మొద్దుని ఎక్కడా చూడలేదంటోంది," అంది గ్లెండా.

క్లైవ్ టోపీ తీసి, సువాజిక్ ముందు నడుము దాకా వంగి, ఆ మాట అక్షరాలా నిజమని తలాడించాడు.