ఖాళీ అనుకున్న వలయం

జగిత్యాలలో రెండు గదుల అద్దె ఇంట్లో కూర్చొని నేను పరిశోధిస్తున్నది ఒక ఒంటరి గెలాక్సీని. కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చుట్టుపక్కల దాని స్థాయిది ఇంకొకటి లేదు. అంతరిక్షంలోని ఎక్స్-రే టెలిస్కోపు పంపిన సమాచారాన్ని ఎవరైనా దించుకోవచ్చు గనుక యూనివర్సిటీకి అప్పుడప్పుడూ పోతే చాలు. ఆ గెలాక్సీని ఎంచుకున్నది నేనే. ఎందుకని నా పీహెచ్‌డీ గైడు అడిగితే, ఎవరి పొత్తూ లేకుండా నిలబడ్డది గనుక అన్నాను.

ఒకప్పుడు కథలాపూర్ దిక్కు కొన్ని ఊళ్లు మా ఇంటి మాట వినేవి. ఇప్పుడు అక్కడ మాకు ఇంటి జాగా కూడా లేదు. ఒక పద్ధతి మాత్రం మిగిలింది: పెండ్లికి పోతే, ఇంటివాళ్లు వచ్చి పిలిచేదాకా తినడానికి లేవం.

గెలాక్సీ చుట్టూ పలచటి ఎక్స్-రే వెలుగు ఉంది. అది దాని సొంత వేడి వాయువుదా, వెనకాల ఆకాశానిదా తెలియాలంటే, ఖాళీ ఆకాశం వెలుగు ఎంతో చూసి తీసేయాలి. నేను గెలాక్సీని ఆనుకొని ఒక వలయం గీసి, అదే ఖాళీ ఆకాశం అనుకున్నాను. తీసేస్తే బయట ఏమీ మిగలలేదు. 'పుట్టుకతోనే ఒంటరి' అని పేరు పెట్టి, ఆ అధ్యాయం రాసి గైడుకు పంపాను.

గైడు ఫోన్ చేశారు. "అది అక్కడితో అయిపోయిందని నీకెవరు చెప్పిన్రయ్యా? ఆ వలయంల ఉన్నది కూడా దాని వాయువే అయితే? దాని సొమ్ము దాంట్లకెళ్లే తీసేసినట్టు."

అంత వాయువు ఒక్క గెలాక్సీకి ఉండదు గనుక, అది అంత దూరం పరచుకొని ఉంటే అర్థం వేరు. ఒకప్పుడు చుట్టూ గెలాక్సీలు ఉండేవని, వాటిని ఇదే మింగిందని. సోమవారంలోగా తేల్చకపోతే ఆ అధ్యాయం థీసిస్‌లో ఉండదన్నారు. వలయాన్ని దూరం జరిపాను. చిత్రం అంచు దగ్గర టెలిస్కోపు తన పరికరంలోనే పుట్టే దొంగ వెలుగు చుక్కలను కలిపేస్తుంది. ఒక్కో వలయానికి ఒక్కో జవాబు వచ్చింది.

ఆదివారం కోరుట్లలో చుట్టాల పెండ్లి. ఫంక్షన్ హాల్లో గోడ పక్కన ఫ్యాన్ కింద, అందరికీ ఎడంగా ఒక కుర్చీ చూపించారు. కూర్చున్నాను. సిరిసిల్ల నుంచి వచ్చిన మా మేనత్త చూసింది.

"గీడ ఒక్కనివే కూసున్నవేందిరా అల్లుడా?"

"మర్యాదకు ఏసిన్రత్తా."

"మర్యాదకో, నీ మూతి జూసి దూరం జరిపిన్రో, ఎవలకెరుక. తిన్నవా?"

"ఎవరూ పిలువలేదు."

"బఫే రా అది. ఎవలు పిలుస్తరు? ప్లేటు నువ్వే పట్టుకోవాలె."

"మన ఇంట్ల అట్ల..."

"మన ఇల్లు యాడున్నదో సూపెట్టు, పోయి ఆడ్నే కూసుంట."

నాకు ఎందుకో అడగాలనిపించింది. "అత్తా, మన ఊళ్లె మనసొంటోళ్లు మొదటినుంచి మనం ఒక్కళ్లమేనా?"

"యాడికెళ్లి ఒక్కళ్లం? ఇంకో రెండిండ్లుండె. మీ ముత్తాత వాళ్ల భూములు మన దాంట్ల కలుపుకున్నడు. ఆళ్లు యాడికి పోయిన్రో ఏమో. లే, అన్నం సల్లారుతది."

ఈ సంగతి మా నాయన ఎప్పుడూ చెప్పలేదు. అబద్ధమేమో అనుకున్నాను, కానీ అత్తకు అబద్ధమాడే అవసరం కనిపించలేదు. ఆమె పిలుపును ఇంటివాళ్ల పిలుపుగా తీసుకోవచ్చో లేదో కూడా తేలలేదు. లేచి పోయి వరుసలో నిలబడ్డాను.

సోమవారం గైడు అడిగారు. "తేలిందా?"

ఆ జవాబు నా నోటికి అలవాటు లేనిది. "లేదు సార్. ఖాళీ ఆకాశం యాడ మొదలైతదో నాకు తెలుస్తలేదు."

గైడు అన్నారు: "అయితే అన్ని వలయాల లెక్కలూ పెట్టు. తేలలేదనే రాయి. అధ్యాయం ఉండనీ. పేరులకెళ్లి ఒంటరి అన్న మాట తీసెయ్."

తీసేశాను. దాని జాగాలో ఏ మాట పెట్టాలో తోచక, ఆ చోటు అట్లనే వదిలిపెట్టాను.